నాబ్ పేషెంటు చేతిలో ఉండాలి

మోకీలు మార్పిడి ఆపరేషనైన మర్నాడే మంచం దింపి నడిపిస్తారు. రాజమండ్రి దానవాయిపేట ఆసుపత్రులకు వచ్చే పెద్దవాళ్లు ఆపరేషన్‌కి జంకరు గాని, ఆ మొదటి అడుగుకి హడలిపోతారు. ఫిజియోథెరపిస్టుగా నా పని మొదలయ్యేది అక్కడే. నడిపించేముందు, నొప్పి తగ్గించే టెన్స్ మిషను తీస్తాను. మనవాళ్ల మాటలో చెప్పాలంటే ‘కరెంటు పెడతాను’.

“కరెంటంటే షాకు కొట్టదా బాబూ?” అన్నారు మొన్న రావులపాలెం మామ్మగారొకరు.

“లేదండి మామ్మగారూ, చిన్న బ్యాటరీయేనండి” అని మిషను ఆవిడ చేతికే ఇచ్చాను. కుట్లకు తగలకుండా అటు రెండు, ఇటు రెండు జెల్ ప్యాడ్లు అతికించాను. “నాబ్ మీరే తిప్పండి. గట్టిగా తెలియాలి, నొప్పి మాత్రం పుట్టకూడదు.” భయంభయంగా తిప్పారు. చీమలు పాకుతున్నాయన్నారు. కాసేపటికి చీమలు తగ్గాయన్నారు. నరాలు అలవాటు పడతాయి, అప్పుడు మళ్లీ పెంచాలి. పెంచుకుని, మిషను నడుముకి తగిలించుకుని, వాకరుతో గుమ్మందాకా నడిచారు.

దీని కిటుకును 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే పరిశోధకులు విప్పి చెప్పారు. స్పర్శను మోసే లావు నరపు పోగులు జోరుగా పనిచేస్తే, నొప్పిని మోసే సన్నపోగుల కబురుకి వెన్నుపాములో దారి ఇరుకవుతుంది. ధవళేశ్వరంలో కాలువ తలుపులు దించితే గోదావరి ఎండిపోదు, కాలువలో నీరు తగ్గుతుంది. ఇదీ అంతే. గాయం ఎక్కడికీ పోదు, మెదడుకు చేరే నొప్పి పలచబడుతుంది.

ఆపరేషన్ తర్వాత టెన్స్ వాడిచూసిన 21 ప్రయోగాలను నార్వేకి చెందిన బ్యోర్దాల్ బృందం 2003లో కలిపి లెక్కగట్టింది. నొప్పి మందుల వాడకం సగటున 26 శాతం తగ్గింది. గాయం పక్కనే, గట్టిగా తెలిసేలా పెట్టినచోట 35 శాతం తగ్గింది. అలా పెట్టినట్టు దాఖలా లేనిచోట తగ్గింది 4 శాతమే.

తేడా అంతా పెట్టే తీరులోనే ఉంది. నాబ్ కాస్త తిప్పి పక్క మంచానికి వెళ్లిపోతే పేషెంటుకి ఒరిగేదేమీ లేదు. పక్కన కూర్చుని “ఇప్పుడెలా ఉందండీ?” అని పదేపదే అడగడమే ఈ వైద్యంలో సగం.

ఇది మందులకు తోడేగాని బదులు కాదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ముందే చెప్పాలి. స్పర్శ తెలియని చర్మంమీద పెట్టకూడదు. ఇవన్నీ చూసుకున్నాక మీ ఇంటి పెద్దవాళ్లకి కరెంటు పెడుతుంటే, నాబ్ వాళ్ల చేతికిమ్మని అడగండి. అడిగే హక్కు మీకుంది, ఓపిగ్గా నేర్పే బాధ్యత మాది.