గట్టు చెక్కిన చేయి

పెందుర్తి స్టేషను దాటి కొత్తవలస దిక్కునకు పోవు రైలునుండి చూచువారికి, ఒకప్పుడు వరిమళ్లుండిన చోట నేడు హద్దురాళ్లును కంకరబాటలును కనబడుచున్నవి. ఆ మళ్లను మళ్లుగా నిలిపిన కూలివారు వృద్ధులై యేమైరన్న విచారము మాత్రము మనలో నెవరికిని కలుగుట లేదు.

గట్టుపని చూచుటకు తేలిక. దమ్ముకు ముందు పారతో గట్టుప్రక్కల గడ్డి చెక్కి, పీతబొక్కలను మడమతో త్రొక్కి పూడ్చి, తడిమన్ను మెత్తి, పార వెనుకభాగముతో నునుపుచేసి, మిగులునీరు దిగువమడికి దిగునట్లు తగిన చోట మడవ విడుచుట, చెప్పిన నింతియే. కాని గట్టు లావైన పంటనేల తరుగును, సన్నమైన తుపానువానకు తెగును, మడవ జానెడెత్తైన నారు మునుగును. నీరు పల్లమెరుగునందురు, ఆ పల్లమును నీటికంటె ముందెరిగినవాడు కంబారి. ఏడాదికింత ధాన్యమని కుదిరి, తెల్లవారకముందే మోకాలిబంటి బురదలో దిగి, నడుము వంగినదాక నేర్చిన యీ విద్యకు మన మెన్నడును గౌరవమీయలేదు.

నాకెరుకైన యొక కంబారి, డెబ్బది దాటిన వయసున, తాను గట్లు వేసిన నేలలోనే వెలసిన లేఅవుటునకు కాపలాయుండి, వానాకాలమున వీథి చెరువగుట చూచి, “ఇక్కడ మడవుండీది బాబూ, నీరు దిగువకెల్లిపోయీది” అనును. అతడు చూపిన చోట ప్రహరీగోడ యున్నది.

మడి పోయినపుడు ఇట్టి కూలివానికి చట్టమేమిచ్చెను? 1894 నాటి భూసేకరణ చట్టము పరిహారమును భూమిపై హక్కుగలవారికే విధించెను. 2013 నాటి చట్టము, మూడేండ్లుగా ఆ నేలపై కూలిచేసి బ్రదికినవారిని గూడ బాధితులుగా నెంచినది గాని, యజమాని తనంతట తాను స్థలముల వ్యాపారికి అమ్మిన మడికి అది సాధారణముగా వర్తింపదు. 2005లో ఉపాధి హామీ చట్టము పుట్టెను. ఆ యేడే మహావిశాఖ నగరపాలక సంస్థ యేర్పడి యీ ప్రాంతపు గ్రామములు కొన్ని అందు కలియగా, పంచాయతీ యెల్లతో ఆగిపోవు నూరుదినముల పని ఆ యూళ్ల కూలీల వాకిటికి రాకయే పోయెను.

1995లో కేంద్రప్రభుత్వము నెలకు 75 రూపాయలతో ఆరంభించిన వృద్ధాప్య పింఛను, రాష్ట్రము తన వంతు చేర్చగా, 2024 జూలై నుండి 4,000 రూపాయలై యింటికే వచ్చుచున్నది. మేలే. మోకాళ్లనొప్పి మాత్రలకును, కోడలి చేతిలో పెట్టు బియ్యపు డబ్బుకును అదియే ఆధారము. దానినెవరైన దానమందురేని నేనొప్పను, ఆలస్యముగా ముట్టిన కూలి యందును.

లేఅవుట్లకు అనుమతినిచ్చు విశాఖ మహాప్రాంత అభివృద్ధి సంస్థవారు నక్షాపై సంతకము చేయుటకు పూర్వము, ఆ యూరి ముసలికూలీల నిద్దరిని ముగ్గురిని పిలిపించి, పాతకాలువ యెటు పోయెనో, మడవలెక్కడ నుండెనో అడిగి వ్రాసికొనవలెను. ఆ దినమునకు మేస్త్రీకిచ్చు కూలినే వారికిని ఈయవలెను.