ప్రోగ్రాముల పఠనీయత: కొలిచినది దేనిని?

ఆదోని మార్కెట్టు యార్డులో పత్తి కొనువాడు గుప్పెడు దూది తీసి, వ్రేళ్లతో లాగి, పింజ పొడవు చూచును. ఆ పొడవును యంత్రము మిల్లీమీటర్లలో చెప్పగలదు. ఎమ్మిగనూరు మగ్గముపై నేసిన గుడ్డలో అంగుళమునకు ఎన్ని పోగులో లెక్కింపవచ్చును. అయితే ఆ గుడ్డ వేసవిలో ఒంటికి హాయిగా నుండునా అన్నది పోగుల లెక్కలో దొరకదు, కట్టుకొన్నవారు చెప్పవలసినదే.

కంప్యూటరు ప్రోగ్రాముల నాణ్యతను పరిశోధించువారికిని ఇట్టి చిక్కే కలదు. ప్రోగ్రామును యంత్రము తడుముకొనక చదువును. దానిలో తప్పు దిద్దవలసినవాడు మాత్రము మనిషి. అతనికి అది ఎంత సులభముగా చదువ వీలగునో దానినే పఠనీయత అందురు.

అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయమునకు చెందిన బ్యూస్, వైమర్‌లు 2008లో ఈ గుణమునకు ఒక కొలతను ప్రతిపాదించి, 2010లో విస్తరించి ప్రచురించిరి. జావా భాషలోని 100 చిన్న ప్రోగ్రాము ముక్కలను 120 మంది విద్యార్థులకు చూపి, ఒక్కొక్క దానికి ఒకటి మొదలు అయిదు వరకు మార్కులు వేయించిరి. అట్లు వచ్చిన 12,000 తీర్పులను పంక్తుల పొడవు, పేర్ల సంఖ్య, ఖాళీ పంక్తులు మొదలగు లక్షణములతో సరిపోల్చిరి. వివరణ వ్యాఖ్యలకంటె ఖాళీ పంక్తులే తీర్పును ఎక్కువ ప్రభావితము చేయునట్లు కనబడినది! ఈ కొలతకును, ప్రోగ్రాములలో బయటపడు లోపములకును సంబంధమున్నదనియు వారు చూపిరి. ఇష్టాయిష్టముల తగవును లెక్కలోనికి తెచ్చుట సామాన్యమైన పని కాదు.

కాని వారు కొలిచినది చదువుటనా, చూచుటనా? ముక్కలు కొద్ది పంక్తులవి. మార్కులు వేయువాడు దానితో ఏ పనియు చేయనక్కరలేదు. ఇది చేతివ్రాతను చూచి సమాధాన పత్రము దిద్దుట వంటిది. వడ్డీ కట్టు ప్రోగ్రాములో అసలు, రేటు, కాలము అను అర్థమిచ్చు పేర్లను తీసివేసి ఒంటి అక్షరములు పెట్టినచో పంక్తులు పొట్టివగును, ఖాళీ పంక్తులు అట్లే యుండును. చదువువాడు మాత్రము దారి తప్పును.

ఇంతకును ఆ చదువువాడెవడు? తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినబడు ఆదోనిలో తెలుగు మాధ్యమమున చదివిన బాలికకు ప్రోగ్రాములో "ప్రిన్సిపల్" అను పేరు కనబడినపుడు మొదట తోచునది కళాశాల ప్రిన్సిపాలు, అసలు సొమ్ము కాదు. వర్జీనియా విద్యార్థుల మార్కులలో ఆమె చిక్కునకు చోటు లేదు. 2017లో స్కలబ్రినో మొదలగువారు 121 కొలతలను పరీక్షించి, వాటిలో ఏ ఒక్కటియు ప్రోగ్రాము అర్థమగుటను పట్టి యీయజాలదని నిస్సంకోచముగా ప్రకటించిరి.

ఇంతకంటె గట్టి పరీక్ష, కొలత అను పేరు లేకుండనే, ఎన్నడో జరిగినది. స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో వీర్త్ 1970లో ప్రకటించిన పాస్కల్ భాషకు "పాస్కల్-పి" అను కంపైలరు, అనగా అనువాదక ప్రోగ్రాము, తయారైనది. దాని అమలు వివరణను వ్రాసిన అయిదుగురిలో కేశవ్ నోరి ఒకరు. ఆ కంపైలరు పాస్కల్‌లోనే వ్రాయబడినది. ఒక ఊహాయంత్రమునకు ఆదేశములిచ్చును. ఆ ఊహాయంత్రమును తమ కంప్యూటరుపై అనుకరింపగలిగినవారికి పాస్కల్ చేతికందినట్లే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాండియాగో శాఖవారు దానిని ఆధారము చేసికొని చిన్న కంప్యూటర్లకు పాస్కల్‌ను తెచ్చిరి. దూరమున నున్నవారు చదివి, మార్చి, పని చేయించిరి. పఠనీయతకు అంతకు మించిన సాక్ష్యమేమి కావలెను?

నోరి తరువాత హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో ఆచార్యులై, శ్రీధర్ చిమలకొండతో కలిసి వయోజన అక్షరాస్యత పాఠములకు సాఫ్ట్‌వేరు రూపొందించు పద్ధతులపై పనిచేసిరి. అక్షరములు నేర్చువారిని పాఠము అందముగా నున్నదా అని అడిగి ఎవరును ఊరకొనరు, చదివించి చూతురు.

ప్రోగ్రాములకును ఈ పరీక్ష పాఠశాలలోనే సాధ్యము. ఒకరు వ్రాసిన బారువడ్డీ ప్రోగ్రామును, వ్రాసినవారు నోరు మెదపకుండ, మరొకరికిచ్చి చక్రవడ్డీకి మార్చుమని, పట్టిన నిమిషములను, దొర్లిన తప్పులను వ్రాసికొనవచ్చును. బ్యూస్, వైమర్‌లు తమ ముక్కలను ఇట్లు మార్పించి యుండిన ఖాళీ పంక్తుల ఫలితము నిలిచెడిదో లేదో, ఆ 12,000 మార్కులను బట్టి చెప్ప వీలులేదు.