స్వస్థత లేని కథలు

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాడు ఎదురవగానే శిష్యులు అతని బాగోగులు అడగరు. పాపం ఎవరిది, ఇతనిదా, కన్నవాళ్లదా అని యేసును అడుగుతారు. ఇద్దరిదీ కాదని జవాబు వస్తుంది. అంత స్పష్టంగా చెప్పినా ఆ ప్రశ్న ఇంకా చావలేదు. మాటలు రాని బిడ్డను చంకనెత్తుకుని తల్లి పెళ్లికి వెళితే ‘ఏ జన్మ పాపమో’ అంటారు. చర్చికి వెళితే ‘విశ్వాసం చాల్లేదేమోనమ్మా, ఇంకొంచెం కనిపెట్టి ప్రార్థించు’ అంటారు. ఎక్కడికెళ్లినా వేలు తల్లివైపే.

అయితే ఆ అధ్యాయంలో చివరికి అతనికి చూపొస్తుంది. చూపు రాకపోతే? క్రైస్తవ నవలాకారుడికి అసలు చిక్కు అక్కడే.

మన చర్చిల్లో సాక్ష్యం చెప్పే తీరు తెలిసిందే. కష్టం, ఉపవాసం, కన్నీళ్లు, స్వస్థత, స్తోత్రం. బాగవని బిడ్డకు ఆ వరసలో చోటు లేదు. పాతకాలపు భక్తి నవలలూ ఇంచుమించు ఇంతే. జబ్బు పిల్లలు లేచి నడవాలి, లేదా ఇంటిల్లిపాదినీ మంచివాళ్లను చేసి చనిపోవాలి. యొహాన్నా స్పైరి 1880లలో రాసిన ‘హైడీ’లో చక్రాల కుర్చీలో ఉన్న క్లారా ఆల్ప్స్ కొండల మీద నడుస్తుంది. చదువుతుంటే బాగుంటుంది, కాదనను. కానీ నడవని పిల్లలున్న ఇంట్లో ఆ పుస్తకాన్ని ఎలా చదువుకుంటారు?

అమెరికాలో 1953లో వచ్చిన ‘ఏంజెల్ అనవేర్’ ఆ ఇంటి తలుపు తట్టింది. రాసింది సినీనటి డేల్ ఎవాన్స్, కౌబాయ్ చిత్రాల రాయ్ రోజర్స్ భార్య. వాళ్ల పాప రాబిన్ డౌన్ సిండ్రోమ్‌తో, గుండె లోపంతో పుట్టింది. ఇలాంటి పిల్లల్ని ఉంచే సంస్థలో చేర్పించమన్న సలహా వినకుండా తల్లిదండ్రులు ఇంట్లోనే పెంచుకున్నారు. రెండో పుట్టినరోజుకు రెండు రోజుల ముందు, 1952 ఆగస్టులో పాప పోయింది. పుస్తకంలో రాబిన్ పరలోకం నుంచి తన రెండేళ్ల బతుకును దేవుడికి విన్నవిస్తుంది. సొంత కథే అయినా చెప్పే గొంతు మాత్రం కల్పితం. తల్లి తన తరఫున తాను వాదించుకోదు, బిడ్డ కళ్లతో తనను చూసుకుంటుంది. ఈ పద్ధతిలో ఉన్న లాభం అదే. నష్టమూ అందులోనే ఉంది. రెండేళ్లు కూడా నిండని పాప ప్రసంగీకురాలిలా మాట్లాడుతుంది, పెద్దల్ని దిద్దడానికే వచ్చి వెళ్లినట్టు అవుతుంది. ఇది నాకు మింగుడుపడదు. కానీ ఇలాంటి పిల్లల్ని దాచిపెట్టే రోజుల్లో ఒక తార తన బిడ్డ పేరు బయటికి చెప్పింది. దాంతో తల్లిదండ్రులు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ దంపతుల ప్రదర్శనలకు రాసాగారు. ఆ మేలును తక్కువ చేయలేం.

ఫ్లానరీ ఓకానర్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. జార్జియా రాష్ట్రంలోని కాథలిక్ రచయిత్రి, తండ్రిని తీసుకుపోయిన లూపస్ వ్యాధితోనే 1964లో 39 ఏళ్లకు పోయింది. 1960 నాటి ఆమె నవల ‘ది వయొలెంట్ బేర్ ఇట్ అవే’లో బిషప్ అనే బుద్ధిమాంద్యమున్న పిల్లవాడుంటాడు. తండ్రి రేబర్ బడిపంతులు, కొలవగలిగినదే నిజమనుకునే మనిషి. కొడుకు మీద ఉన్నట్టుండి పొంగే ప్రేమకు కొలత దొరక్క దడుచుకుంటాడు. ఒకసారి వాణ్ని నీళ్లలో ముంచబోయి, ముంచలేక వెనక్కి తెస్తాడు.

ఓకానర్ బిషప్ మనసులోకి తొంగిచూడదు, వాడి నోట సూక్తి పలికించదు. వాడి బూట్ల తాళ్లు ఊడిపోయి ఉంటాయి, అంతే. వాణ్ని ముట్టుకోవడానికే ఒప్పుకోని టార్వాటర్ అనే కుర్రాడు ఒకచోట వంగి ఆ తాళ్లు కడతాడు. ఎందుకు కట్టాడో రచయిత్రి విప్పి చెప్పదు. తర్వాత అదే కుర్రాడు వాణ్ని పడవలో చెరువు మీదికి తీసుకెళ్లి బాప్తిస్మమిస్తూనే ముంచి చంపుతాడు. వినికిడి యంత్రం పెట్టుకున్న రేబర్ గదిలో ఉండి కొడుకు అరుపు వింటాడు. ఏం జరిగిందో అర్థమవుతుంది. ఇక గుండె పగులుతుందని నొప్పి కోసం ఎదురుచూస్తాడు. నొప్పి రాదు. అప్పుడు కూలిపోతాడు. ఏడిపించే సన్నివేశాలు ఎవరైనా రాస్తారు. ఏడుపు రాకపోవడాన్నే శిక్షగా చూపించిన రచన నాకు ఇంకోటి గుర్తు రావడం లేదు.

అపరాధభావాన్ని పెద్ద మాటల్లో చెబితే తేలిపోతుంది, అది చేతుల్లో కనబడాలి. సమూయేలు రెండో గ్రంథంలో సౌలు మనవడు మెఫీబోషెతు అయిదేళ్ల వాడు. యుద్ధవార్త విని దాది వాణ్నెత్తుకుని పరుగెత్తుతుంది, వాడు కిందపడతాడు, రెండు కాళ్లూ కుంటివవుతాయి. ఒక్క వచనంలో అయిపోతుంది. దాది తర్వాతేమైందో లేఖనం చెప్పదు. నవల రాయాలంటే ఆమె దగ్గరే మొదలుపెట్టాలి.

ఓకానర్ నవలగా రాయనన్న కథ ఒకటుంది. ముఖంపై కణితితో మూడేళ్లకే అట్లాంటాలోని ఉచిత కాన్సర్ ఆశ్రమానికి వచ్చి, 12 ఏళ్లకు పోయిన మేరీ ఆన్ గురించి రాయమని అక్కడి సన్యాసినులు అడిగారు. పుణ్యాత్మురాలైన పసిపిల్ల కథ కల్పనలో ఎలా చెడుతుందో ఆమెకు తెలుసు. మీరే జరిగింది జరిగినట్టు రాయండంది. వాళ్లు రాశారు, 1961లో అచ్చయింది, ఈమె ముందుమాట ఇచ్చింది. అందులో ఆ సన్యాసినుల సంఘాన్ని స్థాపించిన రోజ్ తండ్రి, నవలాకారుడు నథానియల్ హాథార్న్‌ను తలుచుకుంటుంది. ఆయన లివర్‌పూల్ ప్రాంతంలో పేదల ఆశ్రయాన్ని చూడబోతే, ఒళ్లంతా వ్యాధితో ఉన్న బిడ్డ ఎత్తుకోమని వెంటపడింది. అచ్చేసిన పుస్తకంలో ఆ బిడ్డనెత్తుకున్నది తమ బృందంలోని ఇంకెవరో పెద్దమనిషి అని రాశాడాయన. సొంత నోటుబుక్కులో మాత్రం అది తానేనని, ఎత్తుకోవడానికి ఒళ్లు వెనక్కి లాగిందని, ఎత్తుకోకుంటే తనను తాను క్షమించుకునేవాణ్ని కాదని రాసుకున్నాడు.