చూసే కన్ను తెలిసిన ఉలి

కాటారం నుంచి భూపాలపల్లి మీదుగా దక్షిణానికి వస్తే ముందు గణపురం కోటగుళ్లు, ఆ పైన పాలంపేటలో రామప్ప గుడి తగులుతాయి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పకు 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. అప్పటినుంచి నీళ్లలో తేలే ఇటుకల గురించీ, ఇసుక పునాది గురించీ అందరికీ తెలిసింది. అక్కడి శిల్పుల ఆలోచన గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం. వాళ్లు రాయి స్వభావం ఎంత ఎరిగినవాళ్లో, దాన్ని చూసే మనిషి చూపునూ అంతే ఎరిగినవాళ్లు.

మొదట చూరు కింద మదనికలు అనే స్త్రీ శిల్పాలను చూడాలి. తూర్పు, ఉత్తర, దక్షిణ ద్వారాల దగ్గర నలుగురేసి చొప్పున మొత్తం పన్నెండు మంది. స్తంభం నుంచి చూరుబండ దాకా ఏటవాలుగా ముందుకు వంగి, పైకప్పు బరువంతా తామే మోస్తున్నట్టు కనిపిస్తారు. నిజానికి వాళ్లది అలంకారమే తప్ప మోత కాదు. ఆ ముఖాల్లోనూ శ్రమ కనిపించదు. ఒకామె ఒంటి నిండా పాములు, ఇంకొకామె చేతిలో మద్దెల, మరొకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు.

ఈ బొమ్మలను ఎదురుగా నిలబడి చూసే వీలు లేదు, తల పైకెత్తాల్సిందే. కింది నుంచి చూసినప్పుడు ఏ ఆకారమైనా కురచబారుతుంది. మదనికల కాళ్లు, నడుము మామూలు కొలతకు మించి సాగి ఉన్నాయి. పైగా బొమ్మ మొత్తం మనవైపు వాలి ఉంది. అందుకే కింద నిలబడినవాడికి ఆ సాగుడు ఎబ్బెట్టుగా తోచదు, తీగలాంటి ఒయ్యారంగానే తోస్తుంది. చెక్కేటప్పుడే, రేపు ఇది ఏ ఎత్తులో ఉంటుందో, ఎవరు ఎక్కడ నిలబడి చూస్తారో శిల్పి మనసులో కట్టుకుని ఉండాలి. లేకపోతే ఈ పొందిక కుదరదు.

రాయిని ఎంచుకోవడంలోనూ అదే చూపు ఉంది. గోడలకు ఎర్ర ఇసుకరాయి వాడారు. మదనికలకు, లోపలి స్తంభాలకు నల్లని డోలరైట్ వాడారు. ఇసుకరాయి వెలుగును పీల్చుకుని మెత్తగా కనిపిస్తుంది. గట్టిదైన డోలరైట్ ఉలికి సులువుగా లొంగదు కానీ, లొంగాక అద్దంలాంటి నునుపు తేలుతుంది. ఎర్రటి గోడ పక్కన నల్లటి మెరుపు ఉండటంతో చూపు తనంతట తానే బొమ్మ మీదికి పోతుంది. నగల మధ్య దారం దూరేంత సన్నని సందులు తొలిచింది కూడా ఈ మొండి రాతిలోనే.

లోపలి చెక్కడాల్లో ముగ్గురు నర్తకులున్న ఒక పలక ఉంది. ముగ్గురికీ కలిపి కాళ్లు నాలుగే. మధ్యలో ఉన్నామెను చేత్తో మూసి చూస్తే అటూ ఇటూ ఉన్న ఇద్దరికీ రెండేసి కాళ్లు సరిపోతాయి. ఆ ఇద్దరినీ మూస్తే మధ్యామెకు రెండు కాళ్లూ ఉంటాయి. మన కన్ను ఒకసారి ఒక మనిషినే పట్టుకుంటుందని, మిగతాది మనసు పూరించుకుంటుందని తెలిసినవాడు చేసిన చమత్కారమిది. ఎదుటి మండపంలోని నంది ఏ పక్క నుంచి చూసినా మనల్నే చూస్తున్నట్టుంటుందని వచ్చినవాళ్లు చెప్పుకునేదీ ఇలాంటి నేర్పు గురించే.

నర్తకుల మాట వచ్చింది కాబట్టి, ఇక్కడ తేదీలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. గణపతిదేవుడి గజసేనాని జాయప 'నృత్తరత్నావళి' అనే నాట్యశాస్త్ర గ్రంథం రాసింది 1253-54 ప్రాంతంలో. రామప్ప కట్టడం అంతకు నలభై ఏళ్ల ముందే మొదలైంది. అంటే ఇక్కడి శిల్పులు ఆ గ్రంథం చూసి చెక్కి ఉండకపోవచ్చు. కళ్లెదుట ఆడుతున్నవాళ్లను చూసే చెక్కి ఉంటారు. ఏడు శతాబ్దాల తర్వాత నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ జాయప గ్రంథాన్నీ ఈ రాతి భంగిమలనూ పక్కపక్కన పెట్టుకుని పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. నిలిచిపోయిన భంగిమలోనే శిల్పులు దానికి ముందు అడుగు, తర్వాతి అడుగు కూడా సూచించగలిగారు కాబట్టే రాతి నుంచి నాట్యాన్ని తిరిగి తీయడం సాధ్యమైంది. శిల్పుల పనితనానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

రామప్ప అనే పేరు ప్రధాన శిల్పిదేనని జనం నమ్మకం. శాసనంలో మాత్రం కట్టించిన రుద్రుడి పేరే ఉంది. పేరు ఎవరిదైనా, ఇది ఒక్కడి చేతిపని కాదు. ఒకే చూపును పంచుకున్న బృందం పని.

కాళేశ్వరం నుంచో కాటారం నుంచో వచ్చేవాళ్లు దారిలో గణపురం దగ్గర ఆగి కోటగుళ్లు కూడా చూడండి. శిథిలమైనా అక్కడా అదే సంప్రదాయం కనిపిస్తుంది. రామప్పలో ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు. ముందు మూడు ద్వారాల దగ్గరా కాసేపు తలెత్తి నిలబడండి. ఆ శిల్పులు మీరు నిలబడే చోటును లెక్కలో పెట్టుకునే పని చేశారు.