పిడికిలితో గెలిచిన కప్పు

ఆస్ట్రేలియన్ ఫుటీలో బంతిని విసరకూడదు. పక్కనే ఉన్నవాడికి అందించాలన్నా ఒక అరచేతిలో బంతిని నిలిపి, రెండో చేతి పిడికిలితో కొట్టాలి. విసిరినట్టు అంపైర్‌కు అనిపిస్తే చాలు, ఈల ఊది బంతిని అవతలి జట్టుకు ఇచ్చేస్తాడు. ఈ పిడికిలి దెబ్బనే ఇక్కడ హ్యాండ్‌బాల్ అంటారు. గాల్లోకి ఎగిరి, ఎదుటివాడి భుజాల మీద మోకాళ్లు ఆనించి బంతిని పట్టే మార్కులనూ, యాభై మీటర్ల నుంచి కొట్టే గోల్స్‌నూ టీవీవాళ్లు వారమంతా తిప్పి తిప్పి చూపిస్తారు. హ్యాండ్‌బాల్‌కు ఆ భోగం లేదు. అయినా 2016లో మెల్‌బోర్న్ పడమటి పేటల జట్టు వెస్ట్రన్ బుల్‌డాగ్స్ 62 ఏళ్ల తర్వాత కప్పు ఎత్తిందంటే, అందులో ముప్పాతిక వంతు ఈ పిడికిలిదే అంటాను.

మేముండే ఈ పడమటి వైపు, టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ పేటల్లో ఇప్పుడు తెలుగు ఇళ్లు బాగానే ఉన్నాయి. చలికాలం వారాంతాల్లో ఊరి మైదానాల్లో ఆస్‌కిక్ పేరుతో చిన్నపిల్లలకు ఫుటీ నేర్పుతారు. తల్లిదండ్రులు గట్టున నిలబడి చూస్తూ ఉంటామంటే కుదరదు, లోపలికి దిగి పిల్లలకు బంతి అందించాలి. నేను హ్యాండ్‌బాల్ నేర్చుకున్నది అలాగే, మా అబ్బాయి పక్కన నిలబడి.

కుడిచేతి వాటం వాళ్లయితే ఎడమ అరచేతిలో బంతిని పడుకోబెట్టాలి. కోలగా ఉండే ఆ బంతి ఒక కొన ఎదుటివాడి వైపు చూస్తూ ఉండాలి. కుడిచేతి వేళ్లు ముడిచి, బొటనవేలిని పిడికిలికి బయటే ఉంచాలి. లోపల దాచుకుంటే మొదటి దెబ్బ దానికే. బొటనవేలూ చూపుడువేలూ కలిసేచోట పిడికిలికి ఒక చదును ఏర్పడుతుంది. ఆ చదునుతో బంతి వెనక కొనను కాస్త కిందుగా కొట్టాలి. సరిగ్గా తగిలితే బంతి వెనక్కి తిరుగుతూ నేరుగా పోతుంది, అందుకునేవాడి చేతుల్లో మెత్తగా వాలుతుంది. తగలకపోతే ఎటు దొర్లుతుందో చెప్పలేం. అన్నిటికన్నా ముఖ్యం, బంతిని పట్టుకున్న చేయి కదలకూడదు. అది కదిలితే విసిరినట్టు కనిపిస్తుంది. మా పిల్లల కోచ్ పదే పదే చెప్పేది ఇదే: "బంతి నీ పని కాదు, పిడికిలి నీ పని."

మంచి ఆటగాడికి ఇది రెండు చేతులతోనూ రావాలి. పైగా నిలబడి కాదు, పరిగెడుతూ, వంగుతూ, నడుముకు ఒకడు చుట్టుకుని కిందికి లాగుతుండగా చెయ్యాలి. కబడ్డీలో పట్టుబడ్డ రైడర్ గీత వైపు చెయ్యి చాపుతాడు చూడండి, ఆ క్షణంలో అతని చేతిలో బంతి ఉండి, దాన్ని ఒక్క దెబ్బతో తనవాడికి చేర్చాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పట్టుబడ్డవాడు వెంటనే బంతిని తన్నాలి, లేదా పిడికిలితో కొట్టాలి. అవకాశం ఉండి కూడా బంతిని వదలకపోతే ఫ్రీ కిక్ అవతలివాళ్లకు. మైదానం చుట్టూ ఉన్న జనమంతా "బా...ల్!" అని ఒక్క గొంతుతో అరిచేది అప్పుడే.

ఈ విద్యకు పెద్ద వంశవృక్షమే ఉంది. గీలాంగ్ జట్టుకు ఆడిన గ్రాహం ఫార్మర్, అందరూ పాలీ అని పిలిచే నూంగార్ ఆదివాసీ వీరుడు, కార్ల కిటికీలు దించి వాటిలోంచి బంతిని అవతలికి కొట్టి గురి కుదుర్చుకున్నాడని చెబుతారు. 1970 గ్రాండ్ ఫైనల్ సగం ఆటకు కార్ల్‌టన్ 44 పాయింట్లు వెనకబడి ఉంటే, కోచ్ రాన్ బరాసీ తన వాళ్లను హ్యాండ్‌బాల్ ఆడమని పంపాడు. 1,21,696 మంది చూస్తుండగా కార్ల్‌టన్ కాలింగ్‌వుడ్‌పై 10 పాయింట్ల తేడాతో గెలిచింది. ఇక మన బుల్‌డాగ్స్ సంగతి. అప్పట్లో ఈ జట్టు పేరు ఫుట్‌స్క్రే. వాళ్ల టెడ్ విట్టెన్ పిడికిలి బదులు తెరిచిన అరచేత్తో బంతిని కొట్టే ఫ్లిక్ పాస్‌కు పేరు పడ్డాడు. ఆ వేగంతోనే ఫుట్‌స్క్రే 1961 గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లి, హాథార్న్ చేతిలో ఓడింది. తర్వాత ఫ్లిక్ పాస్ విసరడంలాగే ఉందని నిషేధించారు. అంటే చేతితో బంతి అందించడంలో పడమటివాళ్లు తెచ్చిన కొత్తదనం ఒకసారి చట్టవిరుద్ధం కూడా అయింది! నాకు ఈ కథ చాలా ఇష్టం. ఆ జట్టు సొంత మైదానానికి ఇప్పుడు విట్టెన్ పేరే ఉంది.

ఫుట్‌స్క్రే 1954లో చార్లీ సటన్ నాయకత్వంలో మెల్‌బోర్న్ జట్టును 51 పాయింట్ల తేడాతో ఓడించి మొదటి ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ కప్పు, గెలిచింది. ఆ తర్వాత కరువే. 1989లోనైతే అప్పుల కారణంగా క్లబ్‌ను ఫిట్జ్‌రాయ్ క్లబ్‌తో కలిపేస్తున్నామని ప్రకటించేశారు. ఐరీన్ చాట్‌ఫీల్డ్ అనే అభిమాని కోర్టుకెక్కి మూడు వారాల గడువు తెచ్చింది. పీటర్ గోర్డన్ అనే కుర్ర లాయరు ముందు నిలబడ్డాడు. ఫ్యాక్టరీ కూలీలు, వలస వచ్చిన కుటుంబాలు, పింఛనుదార్లు డబ్బాలు పట్టుకుని వీధుల్లో చందాలు పోగుచేశారు. పది లక్షల డాలర్లకు పైగా వచ్చింది, క్లబ్ నిలబడింది. మా వీధిలో ఒక పెద్దాయన ఆ డబ్బాల గురించి ఇవాళ్టికీ కళ్లు మెరుస్తుండగా చెబుతాడు. గ్రాండ్ ఫైనల్ గురించి కన్నా ఎక్కువగా చెబుతాడు.

2014 చివర మరో గండం. కెప్టెన్ ర్యాన్ గ్రిఫెన్ జట్టు వదిలి వెళ్తానన్నాడు, కోచ్ బ్రెండన్ మెకార్ట్నీ తప్పుకున్నాడు. ఆ ఖాళీలో వచ్చినవాడు ల్యూక్ బెవరిడ్జ్. అంతకుముందు అమెచ్యూర్ లీగ్‌లో ఒకే క్లబ్‌కు వరసగా మూడేళ్లు, ఏటా ఒక మెట్టు పై గ్రేడ్‌లో, కప్పు గెలిపించిన మనిషి. అతను వచ్చాక బుల్‌డాగ్స్ ఆట మారిపోయింది. ఫుటీలో మామూలు పద్ధతి ఏమిటంటే, గుంపులో బంతి దొరికినవాడు దూరంగా ఉన్న పొడుగాటి ఫార్వర్డ్‌కు తన్నేస్తాడు. బుల్‌డాగ్స్ గుంపులోంచి గబగబా మూడు నాలుగు హ్యాండ్‌బాల్స్‌తో బయటపడేవాళ్లు. ఒకడు అందిస్తాడు, అందించినవాడు అక్కడే ఆగడు, మళ్లీ అందుకోవడానికి ముందుకు ఉరుకుతాడు. 193 సెంటీమీటర్ల మార్కస్ బొంటెంపెల్లిని నడుము దగ్గర పట్టుకున్నా అతని చేతులు పైన ఖాళీగానే ఉండేవి. అక్కణ్నుంచే బంతి కొట్టేవాడు. 168 సెంటీమీటర్ల కేలబ్ డేనియల్, లీగ్ మొత్తానికీ పొట్టివాడు, తలకు హెల్మెట్‌తో అందరి మోచేతుల కిందుగా దూరేవాడు. ఇద్దరూ ఒకే గొలుసులో లంకెలు.

ఈ పద్ధతి ఎంత గట్టిదో 2016లో గాయాలు చెప్పాయి. మూడో రౌండ్ ఆఖరి నిమిషాల్లో కెప్టెన్ బాబ్ మర్ఫీ మోకాలి లిగమెంట్ తెగింది. వయసు 33. జట్టంతా ప్రాణంగా చూసుకునే మనిషి. జూలైలో ఒకే మ్యాచ్‌లో మిచ్ వాలిస్ కాలు విరిగింది, జాక్ రెడ్‌పాత్ మోకాలు పోయింది. ఒక పెద్ద గోల్ స్కోరర్ మీద కట్టిన జట్టయితే అక్కడే కూలిపోయేది. ఇక్కడ మాత్రం ఎవరు వచ్చినా చెయ్యాల్సింది ఒక్కటే: దగ్గరగా రా, అందుకో, అందించు, పరిగెత్తు. 19 ఏళ్ల జాష్ డంక్లీ మొదటి సీజన్‌లోనే ఆ పనిలో ఇమిడిపోయాడు.

లీగ్ పట్టికలో ఏడో స్థానంతో ఫైనల్స్‌కు చేరారు. ఏడో స్థానం నుంచి అంతవరకు ఎవరూ కప్పు గెలవలేదు. మొదట విమానంలో నాలుగు గంటల దూరంలోని పెర్త్ వెళ్లి వెస్ట్ కోస్ట్‌ను వాళ్ల గడ్డ మీదే 47 పాయింట్లతో ఓడించారు. తర్వాత వరసగా మూడేళ్లు విజేతగా ఉన్న హాథార్న్‌ను 23 పాయింట్లతో ఇంటికి పంపారు. సిడ్నీలో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీపై ఆరు పాయింట్లతో, అంటే సరిగ్గా ఒక్క గోల్ తేడాతో, గట్టెక్కారు.

అక్టోబర్ 1న గ్రాండ్ ఫైనల్. ఎదురుగా పట్టికలో మొదటి స్థానంలో నిలిచిన సిడ్నీ స్వాన్స్. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)లో 99,981 మంది. ఆఖరి క్వార్టర్‌లో ఒక దశలో తేడా ఒక్క పాయింటే. ఆ మ్యాచ్‌ను నేను ఇప్పటికీ రికార్డింగ్‌లో చూస్తుంటాను. చూసినప్పుడల్లా నా కన్ను బంతి మీద కన్నా బంతి లేనివాళ్ల మీదికే పోతుంది. బుల్‌డాగ్స్ ఎర్ర, తెల్ల, నీలం చొక్కావాడు ఒకడు పట్టుబడితే చాలు, చేతికందే దూరంలో మరో ఇద్దరు అప్పటికే తయారుగా ఉంటారు. పిలవకుండానే వచ్చి నిలబడతారు. హ్యాండ్‌బాల్‌లో సగం నేర్పు కొట్టేవాడిదైతే మిగతా సగం అలా వచ్చి నిలబడేవాడిది. ఆస్‌కిక్‌లో పిల్లలకు నేర్పడానికి అన్నిటికన్నా కష్టమైన భాగం కూడా అదే. అందరికీ బంతి కావాలి, బంతి ఉన్నవాడికి తోడుగా పరిగెత్తడం ఎవరికీ తోచదు.

ఆట చివరికి వస్తుండగా, వెన్నుపూస విరిగిన నొప్పితోనే ఆడుతున్న డేల్ మోరిస్ వెనక నుంచి వచ్చి సిడ్నీ ఫార్వర్డ్ లాన్స్ ఫ్రాంక్లిన్‌ను పట్టి పడేశాడు. బంతి జారింది. 21 ఏళ్ల టామ్ బోయ్డ్ దాన్ని అందుకుని ఎంతో దూరం నుంచి తన్నాడు. బంతి నేల మీద ఎగిరెగిరి గోల్‌లోకి పోయింది. ఆ తర్వాత లియామ్ పికెన్ గోల్‌తో అంతా అయిపోయింది. 89-67. ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం జేసన్ జొహానిసెన్‌కు దక్కింది. గోల్ తన్నులతో ముగిసిన ఆట కదా, మరి హ్యాండ్‌బాల్ గొప్పేమిటి అని అడగవచ్చు. ఆ తన్నులకు చోటు దొరికింది దాని వల్లే. రెండున్నర గంటల దాకా సాగే ఆటలో గుంపులోంచి బయటపడలేని జట్టుకు తన్నే అవకాశమే రాదు.

పతకాలు పంచాక బెవరిడ్జ్ మైకు ముందుకొచ్చి, మర్ఫీని వేదిక మీదికి పిలిచాడు. గెలిచిన కోచ్‌కిచ్చే జాక్ మెక్‌హేల్ పతకం తన మెడలోంచి తీసి అతని మెడలో వేశాడు. మర్ఫీ ఏడ్చాడు, స్టేడియంలో సగం మంది ఏడ్చారు. మరుసటి ఏడాది మర్ఫీ 312 మ్యాచ్‌లతో రిటైరయ్యాడు, ఒక్క గ్రాండ్ ఫైనల్ కూడా ఆడకుండానే. ఆటలో కోచ్ నేర్పినదీ, వేదిక మీద చేసినదీ వేరు వేరని నేను అనుకోలేను. నాకు తెలిసినంతలో ఈ ఆటలో అంతకన్నా మంచి సీజన్ మరొకటి లేదు.

ఇక్కడి తెలుగు అమ్మానాన్నలకు ఒక మాట. మనం పిల్లల్ని క్రికెట్‌కు తీసుకెళ్తున్నాం, మంచిదే. ఈ చలికాలం ఆస్‌కిక్‌కు కూడా తీసుకెళ్లండి. అక్కడ గట్టున ఆగిపోకుండా మీరూ లోపలికి దిగండి. పిల్లలతో మొదటి వారం నుంచే ఎడమచేత్తోనూ కొట్టించండి. బొటనవేలు మాత్రం పిడికిలికి బయటే ఉందో లేదో చూసుకోండి.