నల్ల చదరం, తెల్ల అంచు

వస్తువును వదిలేస్తే చూపు శుభ్రపడుతుందని నైరూప్య చిత్రకళ చాలా కాలంగా చెబుతూ వస్తోంది. చెట్టూ కుండా గీయడం మానేసి, వట్టి రంగునూ ఆకారాన్నీ చూడమంటుంది. సరే, చూద్దాం. కానీ చూసే కన్ను ఎవరిది, ఎక్కడ పెరిగింది అని అడగకుండా ఎట్లా ఊరుకుంటాం? ఆ ప్రశ్నకు కజిమీర్ మాలెవిచ్ గీసిన ‘నల్ల చదరం’ మంచి సందర్భం.

1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్‌లో ‘0.10’ అనే ప్రదర్శన జరిగింది. రష్యన్ ఇళ్లలో దేవుడి పటం ఉండే పై మూలన మాలెవిచ్ ఈ చిత్రాన్ని పెట్టాడు. తెల్లని అంచు, మధ్యన నల్ల చదరం, అటూ ఇటూ 80 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అంతే. దేవుడి చోట ఏ వస్తువూ లేని నలుపును నిలబెట్టడం చిన్న ధిక్కారం కాదు. పవిత్రత పటంలో లేదు, దాన్ని పెట్టిన చోటులో ఉందని అది చెప్పకనే చెప్పింది. గుడి మెట్ల దగ్గరే ఆగిపోయిన తరాలకు ఈ సంగతి ఒకరు విప్పి చెప్పనక్కర్లేదు. ఇంతవరకూ మాలెవిచ్ మనకు పనికొచ్చేవాడే.

అయితే 2015లో మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీ పరిశోధకులు ఈ చిత్రానికి ఎక్స్‌రే పరీక్షలు చేశారు. నలుపు కింద మరో రెండు రంగుల చిత్రాలు బయటపడ్డాయి. తెల్లని అంచు మీద ఒక రాత కూడా కనిపించింది. చీకటి గుహలో నీగ్రోల పోరాటం అని దాన్ని వాళ్లు చదివారు. ఫ్రెంచి హాస్యరచయిత అల్ఫోన్స్ అల్లే 1897లో ఒక నల్ల దీర్ఘచతురస్రం అచ్చేసి, దాని కింద పెట్టిన వెకిలి జోకుకు ఇది దగ్గరగా ఉంది. ఆ రాత మాలెవిచ్‌దేనా, తర్వాత ఇంకెవరైనా రాశారా అన్నది వివాదం. ఎవరిదైతేనేం? ఏ వస్తువూ లేదన్న నలుపు ముందు నిలబడి ఎవరో నల్లమనుషుల్ని చూశారు, నవ్వుకున్నారు. చిత్రం వస్తువును వదిలింది గానీ, చూపు తన జాతిని వదల్లేదు.

మన దేశంలో ఈ చూపుకు కులం కాపలా. 1927లో అంబేడ్కర్, ఆయన వెంట వచ్చినవాళ్లు మహద్ చెరువు నీళ్లు తాగారు. తర్వాత సవర్ణులు అందులో పేడా, గోమూత్రం, పాలూ, పెరుగూ పోసి ‘శుద్ధి’ చేశారు. నీళ్ల రంగు మారలేదు, రుచి మారలేదు. అయినా వాళ్ల కంటికి అవి వేరే నీళ్లు. టీ హోటల్లో రెండు గ్లాసుల పద్ధతీ ఇదే. గాజు ఒకటే, టీ ఒకటే, విడిగా పెట్టిన గ్లాసు మాత్రం వేరే వస్తువు. వస్తువును వస్తువుగా చూడనివ్వని ఈ అలవాటును చిత్రకారుడు ప్రశ్నించకముందే వెలివాడ ప్రశ్నించింది, ప్రాణాల మీదికి తెచ్చుకుని మరీ.

అందుకని నైరూప్య చిత్రాలు కడుపు నిండినవాళ్ల ఆట అని మనవాళ్లు కొట్టిపారేయడం తొందరపాటు. శుద్ధమైన కళ అని విమర్శకులు మొక్కడం అంతకన్నా మోసం. శుద్ధి అన్న మాట వినబడితే మనం జాగ్రత్తపడాలి. ఆ మాట ఖరీదు మనకు తెలుసు. చదరాన్ని చూద్దాం, అంచునూ చదువుదాం. రాత ఉన్నది అక్కడే గదా.