బేడీల చేతులతో ఎదురుకాల్పులా?

2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తెస్తున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీల్ని ఆలేరు దగ్గర (అప్పుడది నల్లగొండ జిల్లా) పోలీసులు వ్యానులోనే కాల్చి చంపారు. తుపాకి గుంజుకోబోయారట! ఫోటోల్లో శవాల చేతులకు బేడీలున్నాయి. అయినా పత్రికలకు వాళ్లు ఉగ్రవాదులే. పోతున్నది కోర్టుకే కదా, తీర్పు మీరెట్లా రాస్తారు?

ఎదురుకాల్పులంటే కేసు నమోదు చేయాలి, ఆత్మరక్షణ సంగతి విచారణలో తేలాలి అని పౌరహక్కుల సంఘం వేసిన కేసులో హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2009లోనే చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. ఆ సంఘంలో పనిచేసిన ఆజం అలీని 2001లో నల్లగొండలో నరికి చంపారు. అతనూ మావాడే. మా పేరు వినగానే బాంబు గుర్తొచ్చే వాళ్లకు ఈ పేరెందుకు గుర్తురాదో అడుగుతున్నాం.